కార్ట్ రేసింగ్ గేముకి రివ్యూల్లో వచ్చే మార్కులు మన ఇంటికి ఎంతవరకు పనికొస్తాయి?

చిత్తూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో పదేళ్ల బాబు, ఆరేళ్ల పాప. పాత ప్లేస్టేషన్ 4 గేమ్ కన్సోల్ (పీఎస్4) ఒకటి ఉంది. అమెరికాలో ఉన్న బావ సంక్రాంతికి వస్తూ నింటెండో కంపెనీ గేమ్ కన్సోల్ స్విచ్ 2 తీసుకురమ్మంటావా, పిల్లలు అందులో కొత్త కార్ట్ గేము మారియో కార్ట్ వరల్డ్ ఆడుకుంటారు అన్నాడట. సరే అని ఈయన రివ్యూలు చదివాడు. ఒకరు అద్భుతం అన్నారు. ఇంకొకరు పాత మారియో కార్ట్ 8 డీలక్సే నయం అన్నారు. కొన్నవాళ్లలో చాలామంది ధర మీద మండిపడుతున్నారు. మధ్యలో సోనిక్ రేసింగ్ క్రాస్‌వరల్డ్స్ అనే ఇంకో కార్ట్ గేము వచ్చింది, దానికీ మంచి పేరే ఉంది. ఎవరి మాట నమ్మాలన్నా అని అడిగాడు.

తమ్ముడూ, అందరి మాటా నమ్మొచ్చు. వాళ్లెవరూ అబద్ధం రాయలేదు. కాకపోతే పేరు ఒకటే అయినా ఒక్కొక్కరు ఒక్కో ఆట ఆడి రాశారు. ఈ ముక్క కొంచెం విడమరిచి చెబుతాను, ఓపిగ్గా చదువు.

తిరుపతి బైరాగిపట్టెడలో నాది చిన్న గేమ్ షాపు. పెట్టి పద్దెనిమిదేళ్లయింది. ఫుట్‌బాల్, క్రికెట్, కుస్తీ ఆటలు అన్నీ ఉన్నాయి. అయినా పండక్కి పెదనాన్న పిల్లలు, మేనమామ పిల్లలు గుంపుగా వచ్చినప్పుడు అడిగేది కార్ట్ గేమే. ఒకే టీవీ ముందు నలుగురు కూర్చోవాలి, ఆరేళ్ల పాపా పాతికేళ్ల బాబాయీ ఒకే పందెంలో ఉండాలి అంటే వేరే దారి పెద్దగా లేదు. క్రాష్ టీమ్ రేసింగ్ అనే పాత కార్ట్ గేము రోజుల నుంచి ఈ రకం ఆటలు నేను ఆడింది ఒక ఎత్తు, వేరేవాళ్లు ఆడుతుంటే కుర్చీల వెనక నిలబడి చూసింది ఇంకో ఎత్తు. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండోదాన్నుంచి వచ్చిందే.

కొత్త కార్ట్ గేము నా షాపులో నిలుస్తుందా లేదా అన్నది మొదటి ఆదివారమే తెలిసిపోతుంది. గెలిచినవాణ్ణి నేను చూడను. గెలిచినవాడికి ఏ ఆటైనా బాగానే ఉంటుంది. ఆఖర్న వచ్చినవాణ్ణి చూస్తాను. పందెం అయిపోగానే వాడు "ఇంకొకటి అన్నా, ఇంకొక్కటి" అంటే ఆ ఆట ఉంటుంది. రిమోట్ పక్కన పెట్టేసి "నాకొద్దు, క్రికెట్ పెట్టు" అన్నాడంటే, విమర్శకులు ఎన్ని మార్కులు వేసినా నెల తిరగకుండానే అది మూలపడుతుంది. మా దగ్గర కంట్రోలర్‌ని పిలకాయలందరూ రిమోట్ అనే అంటారు, నాకూ అదే అలవాటైంది.

అసలు ఈ రకం ఆటల ప్రత్యేకతే వెనకబడ్డవాడిని పట్టించుకోవడం. 1992లో సూపర్ మారియో కార్ట్‌తో ఈ వరస మొదలైంది. మామూలు రేసింగ్ గేములో ఒకసారి వెనకబడితే వెనకే. ఇందులో దారి మీద ఐటెమ్‌లు, అంటే పక్కవాణ్ణి కొట్టడానికో నువ్వు ముందుకి దూకడానికో పనికొచ్చే వస్తువులు దొరుకుతాయి. ముందున్నవాడికి అరటి తొక్కలాంటి చిన్నవి, వెనకున్నవాడికి బలమైనవి. 1996లో వచ్చిన మారియో కార్ట్ 64లో బ్లూ షెల్ అనే నీలం తాబేటి డిప్ప చేరింది. అది మొదటి స్థానంలో ఉన్నవాణ్ణి వెతుక్కుంటూ పోయి కొడుతుంది. మారియో కార్ట్ 8కి వచ్చేసరికి మొదటివాడికీ నీకూ మధ్య ఎంత దూరం ఉందో చూసి, దాన్ని బట్టి నీకు ఏ ఐటెమ్ ఇవ్వాలో ఆటే నిర్ణయిస్తుంది.

ఈ సాయం మరీ ఎక్కువైతే బాగా ఆడినవాడికి కడుపు మండుతుంది, మరీ తక్కువైతే చిన్నవాడు ఏడుస్తాడు. కార్ట్ గేము చేసేవాళ్ల పనితనం అంతా ఈ తూకంలోనే ఉంది. దాన్ని పట్టుకోవాలంటే రకరకాల నేర్పు ఉన్న నలుగురు కావాలి, కొన్ని వారాలు కావాలి. విమర్శకుడికి దొరికేది కొద్ది రోజులు. ఆ కొద్ది రోజుల్లో కూడా ఎక్కువసేపు ఒక్కడే కూర్చుని కంప్యూటర్ నడిపే బళ్లతో పోటీ పడతాడు. ఎవరితోనైనా కలిసి ఆడితే, వాళ్లూ ఇరవై ఏళ్లుగా ఇవే ఆటలు ఆడినవాళ్లు. మీ పాప లాంటి మనిషి ఆ గదిలో ఉండదు. ఇది వాళ్ల తప్పని నేను అనను. వాళ్ల పని పరిస్థితి అలాంటిది. చదివేవాడు ఆ సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు.

మారియో కార్ట్ వరల్డ్ విషయంలో ఈ ఇరుకు ఇంకా ఎక్కువైంది. అది 2025 జూన్ 5న స్విచ్ 2తో పాటే విడుదలైంది. యంత్రం కొత్తది, విడుదల రోజు అప్‌డేట్ వస్తేగానీ కొన్ని సదుపాయాలు పనిచేయవు, అందుకని విమర్శకుల చేతికి ఎప్పటిలా వారాల ముందు అందలేదు. చాలామంది మొదట సగం రివ్యూ పెట్టి, ఆన్‌లైన్‌లో ఆడి చూశాక మార్కులు వేశారు. అలా ఆగి రాసినవాళ్లవే నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. నువ్వు కూడా ఏ ఆటకైనా విడుదలైన రెండు మూడు వారాల తర్వాత రాసినవి వెతుక్కో.

ఇక మార్కుల సంగతి. మెటాక్రిటిక్ అనే సైటు విమర్శకులందరి మార్కులూ కలిపి సగటు తీస్తుంది. అక్కడ వరల్డ్‌కి 86 వచ్చింది. 2017లో 8 డీలక్స్‌కి వచ్చింది 92. ఈ ఆరు మార్కులు చూసే "కొత్తది తగ్గింది" అంటున్నారు. 8 డీలక్స్ నిజానికి 2014లో నింటెండో పాత కన్సోల్ వీ యూ మీద వచ్చిన ఆట. మూడేళ్ల తర్వాత అదనపు ట్రాకులన్నీ కలుపుకుని, బాగాలేదన్న బ్యాటిల్ మోడ్‌ని సరిచేసుకుని స్విచ్ మీదికి వచ్చింది. 2022, 2023లలో ఇంకో 48 ట్రాకులు అమ్మితే మొత్తం 96 అయ్యాయి. ఇవాళ పాతదే నయం అనేవాళ్లు అన్నేళ్లు పెంచిన చెట్టుని ఇప్పుడే నాటిన మొక్క పక్కన పెట్టి చూస్తున్నారు. అలా చూడొద్దని నేను చెప్పను. కొనేవాడి జేబు ఒకటే. కానీ ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసి చూడాలి.

వరల్డ్ మీద ఎక్కువమంది చెప్పిన లోపం ఒకటుంది, అది నిజమైనదే. ఇందులో ట్రాకులన్నీ ఒకే పెద్ద దేశంలో ఊళ్లలా ఉంటాయి. కప్పులో, అంటే వరస పందేల పోటీలో, మొదటి పందెం అయ్యాక రెండో ట్రాకుకి నువ్వే రోడ్డు మీద నడుపుకుంటూ వెళ్లాలి. ఆ ప్రయాణమే పందెంలో పెద్ద భాగం. తీరా ఆ ట్రాకు చేరాక అక్కడ తిరిగేది ఒక్క చుట్టే. మధ్య దారులు చాలావరకు వెడల్పుగా, తిన్నగా ఉంటాయి. రేణిగుంట రోడ్డెక్కి పోతున్నట్టు ఉంటుంది, ఘాట్ రోడ్డు ఎక్కినట్టు ఉండదు.

అది ఎందుకంత పెద్ద లోపమో అర్థం కావాలంటే డ్రిఫ్ట్ గురించి తెలియాలి. కొండ దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నిబంధన ఉన్న ఊరు మాది. మలుపు దగ్గర బండి నెమ్మదించాలన్నది ఇక్కడి పిలకాయలకి చిన్నప్పటి నుంచీ ఒంట్లో ఉంటుంది. అందుకే నా షాపులో కొత్తగా కూర్చున్న పిల్లాడు మలుపు కనిపించగానే యాక్సిలరేటర్ వదిలేస్తాడు. కార్ట్ గేములో చేయాల్సింది దానికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. వేగం తగ్గించకుండా మలుపులోకి వెళ్లి, బండిని పక్కకి జార్చి, డ్రిఫ్ట్ బటన్‌ని అలాగే పట్టుకుని ఉండాలి. చక్రాల దగ్గర నిప్పురవ్వలు మొదట నీలంగా వస్తాయి, తర్వాత నారింజ రంగుకి మారతాయి. ఇంకా పట్టుకుంటే ఊదా రంగు. అప్పుడు వదిలితే బండి ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. మలుపు ఎంత పొడుగ్గా ఉంటే అంత లాభం. నేర్చుకున్నవాడికీ నేర్చుకోనివాడికీ తేడా తెలిసేది అక్కడే. ఇది మొదటిసారి కుదిరిన రోజు పిల్లల మొహాలు చూడాలి, నా పద్దెనిమిదేళ్ల వ్యాపారంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే. దారి తిన్నగా ఉంటే ఈ పనంతటికీ చోటు ఉండదు. వరల్డ్‌లో కొత్తగా గోడల మీద నడపడం, కమ్మీల మీద జారడం, తిన్నగా పోతూనే బండిని కుదించి ఎగరేయడం పెట్టారు. తిన్నని దారులు వాటికోసమే. కానీ అవి బాగా పట్టుబడాలంటే చాలా రోజులు పడుతుంది. విమర్శకుల్లో చాలామంది అంతదాకా వెళ్లకుండానే రాసేశారని నాకు అనిపించింది. ఆ దారులు బోరు అన్న మాట మాత్రం నూటికి డెబ్బై పాళ్లు ఒప్పుకుంటాను.

ఆన్‌లైన్‌లో ఆడేవాళ్ల కోపం దీనిమీదే. అక్కడ ఓట్లు వేసి ట్రాకు ఎంచుకోవాలి, మొదట్లో వచ్చేవి ఎక్కువగా ఈ మధ్య దారులే ఉండేవి. 'ఏదైనా సరే' అన్న ఆప్షన్ నొక్కితే మామూలు మూడు చుట్ల పందెం వస్తుందని జనం కనిపెట్టి, అందరూ అదే నొక్కడం మొదలుపెట్టారు. ఒక అప్‌డేట్‌తో కంపెనీ ఆ దారి మూసేసింది. దాంతో గొడవ పెద్దదైంది. 2025 జూలై చివర్లో వచ్చిన అప్‌డేట్‌లో చుట్ల పందేలు ఎక్కువగా వచ్చేలా మార్చారు. కొన్నవాళ్లు ఇచ్చిన తక్కువ మార్కుల్లో ఈ కోపం చాలా ఉంది.

ఇప్పుడు నీ ఇంటికి వద్దాం. మీ బాబూ పాపా సోఫాలో కూర్చుని ఆడతారు. వీఎస్ రేస్ అనే మోడ్‌లో నచ్చిన ట్రాకు ఎంచుకుని హాయిగా మూడు చుట్లు తిరగొచ్చు. ఎవరి ఓటూ అక్కర్లేదు. అంటే జూన్, జూలై నెలల్లో నువ్వు చదివిన తిట్లలో సగం నీ గుమ్మం దాటి లోపలికి రావు. రివ్యూ చదివేటప్పుడు ఈ లోపం ఎక్కడ తగులుతుంది, ఆన్‌లైన్‌లోనా ఇంట్లోనా అని ప్రతిసారీ అడుగు. నీకు ఆ ఒక్క ప్రశ్నతోనే సగం పని అయిపోతుంది.

నాకౌట్ టూర్ అనే మోడ్‌ని దాదాపు అందరూ మెచ్చుకున్నారు. నేను ఇంకొంచెం ఎక్కువే మెచ్చుకుంటాను, ఎందుకంటే అది నా లెక్కని తలకిందులు చేసింది. ఇరవై నాలుగు మందితో మొదలవుతుంది. ఎక్కడా ఆగకుండా దేశం ఒక కొస నుంచి ఇంకో కొసకి పోతారు. ఒక్కో చెక్‌పాయింటు దగ్గర వెనకున్న నలుగురు తప్పుకుంటారు. 20, తర్వాత 16, 12, 8, ఆఖరికి నలుగురు. వెనకున్నవాణ్ణి బయటికి పంపే ఆట పిల్లలకి నచ్చదని నేను గట్టిగా అనుకున్నాను. కానీ అలా జరగలేదు. పాత పద్ధతిలో పన్నెండు మందిలో తొమ్మిదోవాడిగా వచ్చిన పిల్లాడికి చెప్పుకోడానికి ఏమీ ఉండదు. ఇందులో వాడి ముందు చిన్న చిన్న మెట్లు ఉన్నాయి. మొదటి గేటు దాటాలి, అంతే. దాటాక ఇంకో గేటు. మా షాపు ముందు సైకిల్ తీస్తూ ఒక పిల్లాడు "నేను ఇవాళ ఎనిమిది దాకా పోయా" అని వాళ్ల అమ్మకి చెప్పుకుంటున్నాడు. ఎనిమిదో స్థానం గురించి అంత సంబరంగా చెప్పిన పిల్లాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. బయటికి వచ్చినవాడు మిగతావాళ్లు ముగించేదాకా చూస్తూ కూర్చోవాలి, ఇంట్లో ఇద్దరే కాబట్టి అది నీకు పెద్ద ఇబ్బంది కాదు.

ఫ్రీ రోమ్ సంగతి వేరు. పందెం లేకుండా ఆ దేశమంతా ఊరికే తిరగడం అది. నీలం బటన్లు నొక్కితే చిన్న పనులు వస్తాయి, దాచిన పతకాలు ఏరుకోవచ్చు. విమర్శకులు చాలామంది దీన్ని ఖాళీగా ఉంది, చేయడానికి ఏమీ లేదు అని రాశారు. ముప్పై ఏళ్లవాడికి అది ఖాళీయే. వాడికి గంట టైముంటే దానికి ఏదో ఒక ఫలితం కావాలి. నా దగ్గరకి వాళ్ల తాతతో వచ్చే ఒక పాపకి, మీ పాప వయసే, పందెమంటే టెన్షన్. ఈ గేములో ఆవు కూడా బండి నడుపుతుంది. ఆ పాప ఆవుని ఎంచుకుని, సముద్రం ఒడ్డున గంటసేపు తిరిగి, తాతకి ఏనుగులు, జిరాఫీలు చూపించి వెళ్లిపోతుంది. మళ్లీ వారం వస్తుంది. నేను చదివిన ఏ రివ్యూలోనూ ఈ పాప లేదు. ఇక్కడ నాకు నిజంగా కోపం తెప్పించే లోపం ఒకటి ఉంది, దాన్ని రివ్యూలు ఒక్క వాక్యంలో దాటేశాయి. ఒకే టీవీ మీద ఇద్దరు కలిసి ఫ్రీ రోమ్‌లో తిరగడానికి లేదు. అన్నాచెల్లెలు పక్కపక్కన తిరగాల్సిన చోట ఒకరు చూస్తూ కూర్చోవాలి. నాలాంటివాడు రివ్యూ రాస్తే మొదటి పేరాలో రాసేది ఇదే.

ఇరవై నాలుగు బళ్లు అన్నది మంచీ చెడూ రెండూ. మారియో కార్ట్ 8లో పన్నెండే. గుంపు మధ్యలో ఇరుక్కుంటే ఒక షెల్ తగిలి లేచేలోపు ఇంకోటి తగులుతుంది. పెద్దవాళ్లు దీన్ని సందడి అంటారు. ఆరేళ్ల పాపకి ఎందుకు పడిపోయిందో కూడా తెలియదు. బళ్లు దారి తప్పి పడిపోకుండా చూసే స్మార్ట్ స్టీరింగ్ ఆన్ చేస్తే కొంత నయం. వేగం దానంతట అదే వచ్చేలా, ఐటెమ్ దానంతట అదే వాడేలా కూడా పెట్టుకోవచ్చు. ఇవి చిన్నపిల్లలున్న ఇంటికి చాలా విలువైనవి, రివ్యూల చివర్లో ఎక్కడో ఒక మూల ఉంటాయి, వెతుక్కుని చదువు.

ఇంకో జాగ్రత్త చెప్పాలి, ఇది పాత దెబ్బ నేర్పింది. 2019 జూన్‌లో క్రాష్ టీమ్ రేసింగ్‌ని నైట్రో ఫ్యూయెల్డ్ పేరుతో కొత్తగా చేసి ఇచ్చారు. ట్రాకులు, డ్రిఫ్ట్, బొమ్మలు అన్నీ బాగా కుదిరాయి, విమర్శకులు మంచి మార్కులు వేశారు. కొత్త పాత్రలు, బళ్లు ఆటలో సంపాదించిన నాణేలతో కొనుక్కోవాలి. ఆగస్టులో ఆ నాణేలనే నిజం డబ్బుకి అమ్మడం మొదలుపెట్టారు. రివ్యూలన్నీ అప్పటికే వచ్చేశాయి. మార్కులు మారలేదు. ఆట మారింది. ఆ దసరాకి నా షాపుకి వచ్చిన పిల్లలు పందెం మానేసి కొట్టు పేజీ చూస్తూ కూర్చున్నారు. ఇప్పటికీ అది చేతికి హాయిగా ఉండే ఆటే, పీఎస్4 మీద నలుగురు ఆడొచ్చు, మీ బాబు వయసుకి సరిపోతుంది. పాపకి మాత్రం కష్టం. అక్కడ డ్రిఫ్ట్‌లో మూడుసార్లు సరైన సమయానికి బటన్ కొట్టాలి, అది రాకపోతే గెలవడం కుదరదు.

డిస్నీ స్పీడ్‌స్టార్మ్ అనే ఇంకో కార్ట్ గేముదీ దగ్గర దగ్గర ఇదే కథ. 2023 ఏప్రిల్‌లో ముందుగా డబ్బుకి, సెప్టెంబరులో అందరికీ ఉచితంగా వచ్చింది. నడపడం చాలా బాగుందని అందరూ రాశారు. కానీ ఒక్కో పాత్రని బలపరచుకోవడానికి ముక్కలు ఏరుకుంటూ పోవాలి, పందెంలో నేర్పు కంటే ఆ ఏరుకోవడం ఎక్కువైందని తిట్టారు కూడా. ఉచితం కదా అని పిల్లలకి ఇచ్చే ముందు ఫోన్‌లో, పీఎస్4లో డబ్బు కట్టే దారి మూసేసి ఇవ్వు.

సోనిక్ రేసింగ్ క్రాస్‌వరల్డ్స్ 2025 సెప్టెంబరు 25న వచ్చింది. విమర్శకుల సగటు 80కి కాస్త పైన. వరల్డ్ కంటే తక్కువ. కానీ ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడటం వల్ల నీకు ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే ఇది మీ ఇంట్లో ఉన్న పీఎస్4 మీదే ఆడుతుంది. పన్నెండు బళ్లు. మొదటి చుట్టు అయ్యేసరికి ముందున్నవాడికి రెండు పెద్ద రింగులు కనిపిస్తాయి, వాడు ఏ రింగులోంచి దూకితే రెండో చుట్టు అందరికీ ఆ లోకంలోనే. మూడో చుట్టుకి మళ్లీ మొదటి ట్రాకు మీదికి వస్తారు. మీ బాబుకి ఇందులో బాగా నచ్చేది గ్యాడ్జెట్లని నా అంచనా. డెబ్బైకి పైగా ఉన్నాయి, బండికి తగిలించుకుంటూ తనకి నచ్చినట్టు మార్చుకోవచ్చు. డ్రిఫ్ట్ బలంగా కావాలా, ఢీకొడితే లాభం రావాలా, అన్నీ వాడి ఇష్టం. నా షాపులో పదేళ్లు దాటిన పిలకాయలు పందెం కంటే ఈ అమరికల గురించే ఎక్కువ వాదించుకుంటారు. పోటీకి ఒక ప్రత్యర్థిని ఎంచుకునే పద్ధతి కూడా ఒంటరిగా ఆడేటప్పుడు బాగుంటుంది.

దీనిమీద విమర్శలు రెండు. ఐటెమ్‌లు మరీ మీద పడతాయని, పాత్రలు మాట్లాడుతూనే ఉంటాయని. రెండూ నిజం. మాటల గోల సెట్టింగుల్లో తగ్గించుకోవచ్చు. ఐటెమ్‌ల సంగతి మాత్రం తీవ్రమైనదే. ఆఖరి చుట్టులో ముందున్నవాడికి పట్టపగలు దోపిడీలా ఉంటుంది. నా దగ్గర కొంచెం పెద్ద పిల్లలు దీనికి విసుక్కున్నారు, చిన్నవాళ్లు ఎగిరి గంతులేశారు. వెనకున్నవాడి వైపు తూకం కావాలనే కాస్త ఎక్కువ వేశారని నేను అనుకుంటున్నాను. పాప ఉన్న ఇంటికి అది మంచిదే. పైగా వేరే కంపెనీ పాత్రల్ని విడిగా డబ్బుకి అమ్ముతున్నారు, వాటి జోలికి పోకపోయినా ఆటకి లోటేమీ రాదు.

డబ్బు గురించి సూటిగా చెబుతాను. వరల్డ్ విడి ధర అమెరికాలో 79.99 డాలర్లు, మన లెక్కలో ఏడు వేల పైమాటే. స్విచ్ 2 ధర విడుదలప్పుడు 449.99. రెండూ జంటగా 499.99కి అమ్మారు. అంటే కన్సోల్‌తో కలిపి నలభై వేలు దాటుతుంది. ధర మీద మండిపడ్డవాళ్లు ఆట బాగాలేదని అనలేదు, ఒక ఆటకి అంత పెట్టడం భారమన్నారు. ఆ రెండు మాటల్నీ వేరు చేసి చదవాలి. నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మదు. బయటి నుంచి తెచ్చింది పాడైతే ఇక్కడ వారంటీ చూసేవాడు లేడు. ఒకసారి ఒక దుకాణం ద్వారా తెప్పించిన కన్సోల్ రెండో నెలలో తెర వెలగకపోతే, దాన్ని ఎక్కడికి పంపాలో చెప్పేవాడు లేక నేను మూడు నెలలు తిరిగాను. ఇంకో సంగతి, బావ జపాన్ మీదుగా వస్తూ అక్కడ చవకగా ఉందని కొంటానంటే వద్దను. జపాన్‌లో అమ్మే చవక రకం జపనీస్ భాషలో మాత్రమే పనిచేస్తుంది, ఖాతా కూడా ఆ దేశానిదే ఉండాలి.

ఒక్క కార్ట్ గేము కోసమే అయితే ఇప్పుడు స్విచ్ 2 తెప్పించొద్దు. నేను వరల్డ్‌ని ఎంత ఇష్టపడుతున్నానో పైన చదివావు, అయినా ఈ మాటే చెబుతాను. సోనిక్ కొను, ధర తగ్గించి అమ్మే రోజు కోసం కాస్త ఆగితే ఇంకా మేలు. డబ్బు పెట్టకుండా చూడాలనుకుంటే ఇంట్లో పాత కంప్యూటర్ మీద సూపర్ టక్స్ కార్ట్ పెట్టు. పూర్తిగా ఉచితం, లోపల అమ్మకాలు ఏమీ లేవు, ఒకే తెర మీద ఇద్దరు ఆడొచ్చు. బొమ్మలు సాదాగా ఉంటాయి, కానీ పిల్లలకి ఈ రకం ఆట నచ్చుతుందా లేదా అన్నది వారంలో తేలిపోతుంది. బావ ఎలాగూ స్విచ్ 2 తెస్తానంటే, మిగతా నింటెండో ఆటలు కూడా పిల్లలు ఆడతారంటే, అప్పుడు వరల్డ్ గురించి ఆలోచించనక్కర్లేదు, తీసుకో.

ఏది కొన్నా మొదటి వారం తక్కువ వేగం మీద పెట్టు. బాబుకి సాయాలన్నీ ఆపేసి డ్రిఫ్ట్ నేర్పు, పాపకి అన్నీ ఆన్ చేసి ఉంచు. సంక్రాంతికి ఇంకా టైముంది కాబట్టి ఈలోగా తిరుపతి వైపు వస్తే ఇద్దర్నీ తీసుకుని షాపుకి రా. మంగళవారం మధ్యాహ్నం జనం ఉండరు. రెండు ఆటలూ చెరో గంట ఆడనీ, పాప ఏ రిమోట్ దగ్గర ఎక్కువసేపు కూర్చుందో చూసుకుని బావకి ఫోన్ చెయ్యి.